పెద్దమావయ్య తల కింద చిన్నమావయ్య

ఆ రోజుల్లో కంప్యూటర్లో ఫోటోలు దిద్దేవాడికి చేసిన తప్పు వెనక్కి తీసుకునే అవకాశం ఒక్కసారే ఉండేది. అన్‌డూ నొక్కితే చిట్టచివర చేసిన పని ఒక్కటే రద్దయ్యేది. ఇంకోసారి నొక్కితే ఆ రద్దే రద్దయి, పోయిన తప్పు మళ్లీ వచ్చి దర్జాగా కూర్చునేది. (ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే కిరసనాయిలు దీపం ముందు చదువుకున్న తాతగారిని చూసినట్టు చూస్తారు.) లేయర్లు అనేవి మా దాకా రాలేదు. ఒక ఫోటోలోంచి ముక్క కత్తిరించి ఇంకో ఫోటో మీద పెడితే, దాని చుట్టూ చుక్కలు చీమలబారులా కదులుతున్నంతసేపే అది విడిగా ఉండేది. పక్కన ఎక్కడైనా మౌస్ తగిలిందా, చీమలు మాయమై, ఆ ముక్క కింది ఫోటోలో ఇంకిపోయేది. దాని కింద ఏముండేదో ఇక కంప్యూటర్‌కి కూడా తెలియదు. అటువంటి సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునేవాడికి ఉండాల్సింది భయం, భక్తి. నాకు ఆ రెండూ తప్ప మిగతావన్నీ ఉండేవి.

పెద్దాపురంలో మా స్టూడియో ఓనర్ గారు నెగెటివ్‌ల మీద సన్న పెన్సిల్‌తో మచ్చలు దిద్దిన కాలం మనిషి. స్కానర్ కొన్నప్పుడు దాంతోపాటు ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌ని చూసి, "ఇదేంటో నువ్వే చూసుకోరా" అని నాకు అప్పగించారు. అంతే, ఊళ్లో నేను కంప్యూటరబ్బాయినయిపోయాను. ఎవరైనా గుమ్మంలోకి రాగానే, వాళ్లు అడగకముందే, "దీంతో ఏదైనా చెయ్యొచ్చండి, ఉన్నది తీసెయ్యొచ్చు, లేనిది పెట్టొచ్చు" అని కోతలు మొదలెట్టేవాణ్ణి. ఓనర్ గారు వెనకనించి, "ముందు లైటు ఆపడం నేర్చుకో, కరెంటు బిల్లు తగ్గుతుంది" అనేవారు. నేను విననట్టు నటించేవాణ్ణి.

ఆ కోతలు విని వచ్చినవాళ్లలో మా వీధి పిన్నిగారొకరు. (చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ మా అమ్మని అక్కా అనేది, నేను పిన్నిగారూ అనేవాణ్ణి, అంతే.) ఆవిడ వచ్చిన పని అర్థం కావాలంటే అంతకుముందు ఏడాది జరిగిన వాళ్లమ్మాయి చిట్టి పెళ్లి సంగతి చెప్పాలి. మా వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చి పీటల మీద దింపుతాడు. పిన్నిగారికి ఇద్దరు తమ్ముళ్లు. పెద్దాయన జంగారెడ్డిగూడెం వెళ్లి ఆయిల్‌పామ్ తోటలు వేసి, ఆ చెట్లతోపాటు తనూ ఎదిగిపోయిన మనిషి. చిన్నాయన ఆత్రేయపురం దగ్గరే ఉన్న పొలం చేసుకుంటూ, పిలిస్తే వచ్చి, పని అయిపోతే ఎవరూ చూడకుండా వెళ్లిపోయే మనిషి. చిట్టికి వీళ్లు పెద్దమావయ్య, చిన్నమావయ్య. వీధిలో అందరం అలాగే పిలిచేవాళ్లం.

బుట్ట ఎత్తాల్సింది పెద్దమావయ్యే. కానీ పెళ్లిరోజు పగలు భోజనాల దగ్గర ఈయనెవరో తెలియక ఎవరో వచ్చి, "తమరు రెండో బంతిలో కూర్చోండి" అన్నారట. "నా మేనకోడలి పెళ్లిలో నాకు రెండో బంతా?" అని ఆయన చెయ్యి కడగకుండానే (అసలు తినలేదు కాబట్టి కడగాల్సిన పనీ లేదు) మోటార్‌సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. ముహూర్తం ముంచుకొచ్చింది. అప్పటిదాకా వంటశాలలో విస్తళ్లు అందిస్తున్న చిన్నమావయ్యని లాక్కొచ్చి, తలకో తువ్వాలు చుట్టి, బుట్ట ఎత్తమన్నారు. ఎత్తాడు. సరిగ్గా అప్పుడే మా ఓనర్ గారి కెమెరాలో రీలు అయిపోవచ్చింది. ఒక్క ఫోటో పడింది.

మరుసటేడు మరిడమ్మ జాతరకి పెద్దమావయ్య అక్కగారింటికి వచ్చాడు. అలక తీరింది, కోడికూర తిన్నాడు, ఆల్బమ్ తెప్పించుకున్నాడు. పేజీలు తిప్పుతూ బుట్ట దగ్గర ఆగాడు.

"ఇందులో నేను లేనేంటే అక్కా?"

"నువ్వు వెళ్లిపోతివి కదరా."

"వెళ్లాను. వెళ్లానని వందేళ్లపాటు ఫోటోలో కనపడాలా? రేపు దీని పిల్లలు చూసి, పెద్దమావయ్య చచ్చిపోయాడా అప్పటికే అనరా?"

పిన్నిగారు ఆల్బమ్ చంకలో పెట్టుకుని మా స్టూడియోకి వచ్చింది. "ఏరా అబ్బాయ్, లేనిది పెట్టొచ్చన్నావు కదా, మా పెద్దోణ్ణి పెట్టగలవా?" అంది. "చిన్నమావయ్య ఏమీ అనుకోరా పిన్నిగారూ?" అనైతే అడిగాను. (ఆ రోజు నేను మాట్లాడిన తెలివైన మాట అదొక్కటే.) "వాడా? 'పోన్లే అక్కా, అన్నయ్యే కదా' అన్నాడు. వాడెప్పుడూ అంతే" అంది ఆవిడ.

పెద్దమావయ్య ఇచ్చిన ఫోటో ఆయిల్‌పామ్ రైతుల మీటింగులో దండ వేయించుకుంటున్నది. దండ గడ్డం దాకా ఉంది, అంచేత గడ్డం లేదు. మనిషి మైకువాడి వైపు కోపంగా చూస్తున్నాడు. నేను ముక్కు కింద మీసం దాకా తల కత్తిరించి, ఆ తలని చిన్నమావయ్య తల మీద పెట్టాను. గడ్డం చిన్నమావయ్యదే ఉంచేశాను. పైన జంగారెడ్డిగూడెం, కింద ఆత్రేయపురం. చీమలు కదులుతున్నాయి. "కొంచెం ఎడమకి తిప్పరా, తల మెడ మీద లేదు, భుజం మీద ఉంది" అన్నారు ఓనర్ గారు. తిప్పబోతుంటే టీ వచ్చింది. గ్లాసు అందుకోబోయి మోచెయ్యి మౌస్‌కి తగిలించాను. చీమలు మాయం. సరే, అన్‌డూ ఉంది కదా అని కుదురుగా ఉండాల్సింది. కంగారులో, పక్కనున్న రంగు తెచ్చి అద్దే స్టాంప్ పనిముట్టుతో తువ్వాలు అంచు ఓసారి దిద్ది, ఆ తర్వాత అన్‌డూ నొక్కాను. తువ్వాలు అంచు వెనక్కి వెళ్లింది. తల వెళ్లలేదు.

ఇప్పుడు పెద్దమావయ్య బుట్ట ఎత్తుకుని, బుట్టలో చిట్టిని గాని, ఎదురుగా పెళ్లికొడుకుని గాని చూడకుండా, మెడ వంచి పక్కనున్న వంటశాల వైపు కోపంగా చూస్తున్నాడు. రెండో బంతి సంగతి తెలిసినవాళ్లెవరైనా ఇది దిద్దిన ఫోటో అనుకోరు, సాక్ష్యం అనుకుంటారు. మళ్లీ మొదట్నించి చెయ్యొచ్చు, పాత ఫైలు ఇంకా అలాగే ఉంది. కానీ ఆ సాయంత్రం జాతరలో నాకు స్నేహితులతో పని ఉంది. అదే పేరుతో, అదే ఫైలు మీద సేవ్ కొట్టేశాను. చిన్నమావయ్య ముఖం అక్కడితో కంప్యూటర్లోంచి పోయింది. నాకు తట్టనైనా తట్టలేదు.

ఇంకో సోమరితనం కూడా చెప్పాలి. "ఆల్బమ్‌లోంచి పాత ఫోటో జాగ్రత్తగా ఊడదీసి, కవర్లో పెట్టి పిన్నిగారికివ్వు, కొత్తది అక్కడ అంటించు" అని ఓనర్ గారు చెప్పారు. పాతది అట్టకి గట్టిగా అంటుకుని ఉంది. ఒక మూల లాగితే ఫోటోలో పందిరికి కట్టిన అరటిబోదె చిరిగింది. ఎందుకొచ్చిన గొడవ అనుకుని, పక్క ఫర్నిచర్ కొట్టు నుంచి చెక్కలు అతికించే తెల్ల గమ్ము తెచ్చి, పాత ఫోటో మీదే కొత్త ఫోటో అంటించి, పైన లావుపాటి పుస్తకాలు పెట్టి జాతరకి వెళ్లిపోయాను. పాత ఫోటో ఏదని ఎవరూ అడగలేదు. పెద్దమావయ్య కొత్త ఫోటో చూసి మురిసిపోయాడట. "చూశావా అక్కా, అప్పట్లో నాకు పొట్ట లేదు" అన్నాడట. చేతులు, నడుము, పంచె కట్టు అన్నీ తమ్ముడివని ఆయనకి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

కొన్నాళ్లకి చిన్నమావయ్య స్టూడియోకి వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, బల్ల మీద పూతరేకుల పొట్లం పెట్టి, కాసేపు గోడమీది ఫోటోలు చూశాడు. ఆ తర్వాత, "ఏవండీ, ఆ పాత ఫోటో ఒక్క కాపీ ఇత్తారాండి? గోడకేం కాదండి, పెట్టెలో పెట్టుకుంటాను. మాకు ఆడపిల్లల్లేరు కదండీ, అలాంటి పని మళ్లీ పడదు కదా అని" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు, కంప్యూటర్లో ఆయన లేడని. నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. "అలాగేనండి, కంప్యూటర్లో భద్రంగా ఉందండి, వచ్చే వారం రండి" అన్నాను. ఆయన వెళ్లగానే పిన్నిగారింటికి పరిగెత్తాను, నెగెటివ్ ఉందేమోనని. "ఆ నల్లరీలేనా? మొన్న గ్రహణం రోజున వీధి వీధంతా కత్తిరించుకుని సూర్యుణ్ణి చూశారు కదరా! నువ్వూ ఓ ముక్క పట్టుకుని చూశావు" అంది ఆవిడ. చూశాను. ఆ ముక్కలో ఏ మావయ్య ఉన్నాడో ఆ సూర్యుడికే తెలియాలి.

అక్కణ్ణించి మొదలైంది. సాఫ్ట్‌వేర్‌లో కొత్త సదుపాయం వచ్చినప్పుడల్లా నాకో కొత్త సాకు దొరికేది. చిన్నమావయ్య ఏడాదికోసారైనా వచ్చేవాడు, ఉత్తచేతులతో రాలేక పూతరేకులు తెచ్చేవాడు. లేయర్లున్న సాఫ్ట్‌వేర్ మా దాకా వచ్చిన ఏడు, "ఇప్పుడు పొరలు పొరలుగా చెయ్యొచ్చండి, ఒకటి తీస్తే కిందది కనపడుతుంది, మీది కూడా తీసేద్దాం" అన్నాను. (పొరలు వచ్చాక చేసినవాటికే పొరలుంటాయని చెప్పలేదు. చెప్పే నోట్లో పూతరేకు ఉంది.) ఆ తర్వాత హిస్టరీ వచ్చింది. "ఇప్పుడు ఒక్క అడుగు కాదండి, ఓ ఇరవై అడుగులు వెనక్కి వెళ్లొచ్చు" అన్నాను గొప్పగా.

"ఆయ్! మరి చిట్టి పెళ్లి దాకా వెళ్తదాండి?"

"ఫైలు మూసేస్తే పోతుందండి. ఆ రోజు మూసేశాను."

"అలాగాండి. ఏం చేత్తాం. మూయకుండా ఎన్నాళ్లుంచుతారులెండి" అని నన్నే ఓదార్చి వెళ్లాడు.

మచ్చలు వాటంతటవే మానిపోయే బ్రష్ వచ్చింది. ఒక మనిషి చుట్టూ గీత గీస్తే మనిషి మాయమై, వెనక గోడ దానంతటదే పుట్టుకొచ్చే విద్య వచ్చింది. పెద్దమావయ్య తలని గీత గీసి మాయం చేశాను. తల చోట అరటాకులు మొలిచాయి. మొండెం, చేతులు, బుట్ట, పైన అరటిగెల. భయపడి మూసేశాను. ఓనర్ గారు పోయి స్టూడియో నాకే వచ్చింది, నాకు పెళ్లయింది, నా తల నెరిసింది. చిన్నమావయ్య అడగడం మానేశాడు, రావడం మాత్రం మానలేదు. "మీ పిల్లలకండి" అని పొట్లం బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. ఇన్నేళ్లలో ఆ పూతరేకులు నాకు ఒక్కసారి కూడా సరిగ్గా గొంతు దిగలేదు. అయినా తినేవాణ్ణి.

మొన్నీమధ్య చిట్టి వచ్చింది. ఇప్పుడు చిట్టి అంటే ఎవరూ నమ్మరు, ఆ బుట్ట ఇప్పుడు ఎత్తాలంటే మావయ్యలిద్దరూ చాలరు. (ఈ మాట ఆవిడే అంది, నేను కాదు.) వెనకాలే కర్ర ఊపుకుంటూ పెద్దమావయ్య. తెల్లజుట్టు, అదే మీసం.

"అన్నయ్యా, ఆదివారం చిన్నమావయ్య షష్టిపూర్తి. ఆయన నన్ను బుట్టలో తెచ్చిన అసలు ఫోటో పెద్దది చేయించి ఇద్దామని. నీ దగ్గర భద్రంగా ఉందని ఆయన ఎప్పుడూ చెబుతూ ఉంటాడు" అంది.

నేను మొదటిసారి చెప్పిన అబద్ధాన్నే ఆయన ఎప్పుడూ చెబుతూ ఉంటాడట. అయినా పాత బుద్ధి ఎక్కడికి పోతుంది, "దానికేం చెల్లీ, ఇప్పుడు మాటల్లో రాస్తే చాలు, కంప్యూటరే ముఖం తయారుచేస్తుంది" అని టైపు చేశాను. కాసేపు చక్రం తిరిగి, బుట్ట మోస్తూ ఒక కుర్రాడు ప్రత్యక్షమయ్యాడు. నున్నటి చెంపలు, ముత్యాల్లాంటి పళ్లు, చెమట చుక్క లేదు.

"ఎవడన్నయ్యా వీడు?" అంది చిట్టి.

"సబ్బుల కంపెనీవాడిలా ఉన్నాడు" అన్నాడు పెద్దమావయ్య.

"ఇంకోటి రప్పిస్తానుండండి" అని మళ్లీ నొక్కాను. ఈసారి వచ్చినవాడికి చేతికి ఆరు వేళ్లున్నాయి.

"అన్నయ్యా, అసలుది తియ్యి" అంది చిట్టి మెల్లిగా. ఇక లాభం లేకపోయింది. టీ గ్లాసు సంగతి, సేవ్ కొట్టిన సంగతి, గ్రహణం సంగతి, గమ్ము సంగతి, జాతర సంగతి, ఏళ్ల తరబడి తిన్న పూతరేకుల సంగతి అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ బల్ల మీది టేపుని చుడుతూ విప్పుతూ ఉన్నాను. పెద్దమావయ్య కర్ర నేలకేసి కొట్టాడు.

"అంటే మా తమ్ముడు ఇన్నాళ్లూ నా తల కిందే ఉన్నాడా?"

"ఉన్నారండి. కానీ పైది లాగితే కిందది చిరగొచ్చు. రెండూ పోతే ఇక ఏమీ మిగలదండి. పైగా మీ తల..."

"నా తల సంగతి నీకెందుకయ్యా? ఆ తల ఇన్నేళ్లూ వంటశాలకేసి చూస్తానే ఉంది, ఎవడూ పిలిచి అన్నం పెట్టలేదు. లాగెయ్!"

"మావయ్యా, నిజంగానా?" అంది చిట్టి.

"ఎత్తినోడు వాడే. నేను వెళ్లిపోయానని మీ అమ్మ ఆ రోజే చెప్పింది. నాకే వినపళ్లేదు."

చిట్టి ఇంటికెళ్లి ఆల్బమ్ తెచ్చింది. ముందు కొత్త ఫోటోని స్కాన్ చేసి, పేరు మార్చి సేవ్ చేసి, సేవ్ అయిందో లేదో మళ్లీ తెరిచి చూసుకున్నాను. (ఆ పని ఆ రోజుల్లో చేసి ఉంటే ఈ కథే లేదు.) అట్టతో సహా పేజీ కోసి, ఓనర్ గారి డార్క్‌రూములో మూల పడి ఉన్న పాత ట్రేలో గోరువెచ్చటి నీళ్లు పోసి అందులో పడుకోబెట్టాను. అన్‌డూ లేని పని. ముగ్గురం ట్రే చుట్టూ కూర్చున్నాం. నీళ్లు మెల్లిగా తెల్లబడుతున్నాయి, గమ్ము కరుగుతోంది. నేను లాగబోతుంటే, "ఆగు, టీ తాగకుండా చెయ్యి" అన్నాడు పెద్దమావయ్య. అంచు ఎత్తాను. పెద్దమావయ్య మీసం లేచింది, కళ్లు లేచాయి, వంటశాల వైపు చూపు లేచింది. ఆయన ట్రే మీదికి వంగి తన తల ఊడిరావడం తనే చూశాడు.

కింద, అక్కడక్కడా తెల్లటి కాగితం పీచు అంటుకుని, అరటిబోదె దగ్గర చిరిగి, చిన్నమావయ్య ఉన్నాడు. నాకు గుర్తున్నట్టు లేడు. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, నాలుక కొరుక్కుని, మెడనరాలు తేలి, ముఖమంతా ఒక పక్కకి వంకరపోయి ఉంది. ఇదా మేమందరం ఇన్నేళ్లు వెతికింది! చిట్టి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే పమిట చెంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం షష్టిపూర్తికి ఫోటోలు తియ్యడానికి నేనే వెళ్లాను. పెద్దది చేసి, పీచు మచ్చలు మాత్రం తుడిచి, ఫ్రేము కట్టి ఇచ్చాం. చిన్నమావయ్య ఫ్రేముని చాలాసేపు ఒళ్లో పెట్టుకుని చూశాడు. నేను పక్కన నిలబడి, క్షమించమని అడగడానికి మాటలు దొరక్క, నాకు తెలిసిన భాషలోనే అడిగాను. "కళ్లు మూసుకుపోయాయండి. ఇప్పుడు ఒక్క నొక్కుతో తెరిపించొచ్చు. నాలుక కూడా లోపలికి పంపించేస్తాను. చెయ్యమంటారా?"

"వద్దండి బాబూ" అన్నాడాయన కంగారుగా, ఫ్రేముని నా చేతికి అందకుండా అవతలికి జరిపి. "కళ్లు తెరిస్తే మొయ్యనట్టుంటదండి."

"బానే మోశావులేరా. రా, భోజనానికి" అన్నాడు పెద్దమావయ్య. అప్పటికి మొదటి బంతి నిండిపోయింది. వడ్డించేవాళ్లు భయం భయంగా ఆయన వైపు చూశారు. "మా తమ్ముడూ నేనూ రెండో బంతిలో కూర్చుంటాం" అని ఆయనే అరిచి చెప్పాడు. వాళ్లిద్దరి మధ్య నాకూ విస్తరి వేయించాడు చిన్నమావయ్య. పూతరేకు వడ్డించినప్పుడు ఆయన నా వైపు చూసి, ఏమీ తెలియనట్టు, "ఇంకోటి వెయ్యండి, మా కంప్యూటరబ్బాయికి ఇష్టం" అన్నాడు. ఆ రోజు గొంతు దిగింది.

ఇప్పుడు నా కంప్యూటర్లో లెక్కలేనన్ని అడుగులు వెనక్కి వెళ్లొచ్చు. అయినా అప్పుడప్పుడూ స్టూడియోలో ఎవరూ లేనప్పుడు ఆ పాత ఫైలు తెరుస్తాను. తల పెద్దమావయ్యది, గడ్డం చిన్నమావయ్యది, చూపు వంటశాల మీద. ఆ మెడ వంకరలో టీ గ్లాసు కోసం చెయ్యి చాచిన ఒక కుర్రాడు నాకు కనపడుతూ ఉంటాడు, జాతరకి తయారై, జుట్టు దువ్వుకుని. తెలుసు కూడా, ఏమీ జరగదని. అయినా ఒకసారి అన్‌డూ నొక్కి చూసి, నవ్వుకుని, సేవ్ చెయ్యకుండా మూసేస్తాను.